కీళ్ళవాతం, లింఫోమా: తప్పు మందుదా, జబ్బుదా?

గవర్నర్‌పేట_మందులషాపు · శనివారం రాత్రి 9:40

సార్లకీ మేడమ్‌లకీ నమస్కారం. కీళ్ళవాతానికి వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ బిళ్ళ గురించి ఒక సంగతి తేల్చాలి. అట్టపెట్టెలో పెట్టే కాగితంలో లింఫోమా అన్న మాట ఉంది. ఎవరో యూట్యూబులో దాన్ని చదివి వినిపించారట. అప్పట్నించి మూడు నెలలకు రాసిన చీటీ తెచ్చి ఒక నెలకే మందులు చాలంటున్నారు జనం. కొందరైతే బిళ్ళలు మానేసి పసరు మందుకి పోతున్నారు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చేది మందు వల్లా, జబ్బు వల్లా? కీళ్ళవాతానికే రాసే టోఫాసిటినిబ్ బిళ్ళ, అడాలిముమాబ్ సూది, అజాథయోప్రిన్, వీటన్నిటినీ ఒకే గాటన కట్టాలా? మెడలో బిళ్ళ కడితే, అంటే గ్రంథి వాస్తే, ముందు ఏ పరీక్ష? కౌంటర్ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా కావాలండి.

ఉదయపు_బిగుతు · శనివారం రాత్రి 10:15

రెండు నిమిషాల్లో అవదు గానీ మొదలుపెడదాం.

రుమటాయిడ్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ళని వాపెక్కించే కీళ్ళవాతం, ఉన్నవాళ్ళలో లింఫోమా మామూలు జనంలో కంటే సుమారు రెండు రెట్లు కనబడుతుంది. ఇది బయోలాజిక్ సూదులు రాకముందు నుంచీ తెలిసిన విషయమే. మరి ఎందువల్ల అన్నదానికి గట్టి జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. ఈవా బెక్లుండ్ బృందం 2006లో వేసిన లెక్క అది. 74,651 మంది రుమటాయిడ్ రోగుల్లోంచి లింఫోమా వచ్చిన 378 మందిని, రాని 378 మందిని తీసుకుని, ఒక్కొక్కరి పాత కేసు షీట్లు తిరగేశారు. జబ్బు మొదలైన నాటి నుంచీ కీళ్ళు ఎంత ఉడికాయి, ఎన్నేళ్ళు ఉడికాయి అన్నది కూడారు. ఉధృతి తక్కువగా ఉన్నవాళ్ళతో పోలిస్తే మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి దాదాపు 8 రెట్లు, బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి 70 రెట్లు తేలింది. మెథోట్రెక్సేట్‌కీ లింఫోమాకీ మాత్రం లంకె కనబడలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. కీలు పొరలో వాపు ఏళ్ళ తరబడి ఉంటే బి-కణాలకి (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలు) విరామం ఉండదు. విభజన, మళ్ళీ విభజన. ప్రతి విభజనలోనూ డీఎన్‌ఏ కాపీలో పొరపాటుకి ఒక అవకాశం. అందుకే ఈ రోగుల్లో వచ్చే లింఫోమాల్లో సగానికి దగ్గరగా డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకమే, రిపోర్టులో డీఎల్‌బీసీఎల్ అని రాస్తారు. రుమటాయిడ్ బయటపడక ముందు లింఫోమా ముప్పు పెరిగి ఉందా అని కూడా స్వీడన్‌లోనే చూశారు. పెరిగి లేదు. అంటే రెండు జబ్బులూ ఒకే విత్తనం నుంచి మొలవడం కాదు, మొదటిది మండుతూ ఉంటే రెండోదానికి దారి పడుతోంది.

బ్రాడీపేట_లెక్కలు · శనివారం రాత్రి 10:52

ఆ 70 రెట్లు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పేలోపు ఒక మాట. అది మామూలు జనంతో పోల్చి చెప్పింది కాదు. రుమటాయిడ్ ఉన్నవాళ్ళలోనే జబ్బు నెమ్మదిగా ఉన్నవాళ్ళతో పోల్చింది. అందరినీ కలిపి సగటు తీస్తే రెండు రెట్లు. ముప్పంతా పైమెట్టు మీద ఉన్న కొద్దిమంది దగ్గర పోగుపడింది, మిగతా ఎక్కువమంది మామూలు జనానికి దగ్గర్లోనే ఉన్నారు. రెండు అంకెలూ అలా ఒకే ఒరలో ఇముడుతాయి.

ఇప్పుడు హారం, అంటే ఎంతమందిలో ఒకరికి అన్నది, చూద్దాం. మన దేశంలో నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా ఏడాదికి లక్ష మందికి 2 నుంచి 3. రెట్టింపు చేస్తే 4 నుంచి 6. అంటే లక్షమంది రుమటాయిడ్ రోగుల్లో ఏడాదికి అదనంగా ఇద్దరో ముగ్గురో. అరవై దాటినవాళ్ళలో మూల అంకే పెద్దది కాబట్టి అక్కడ ఇంకొంచెం వేసుకోండి. అదే లక్షమంది మందు మానేస్తే చేతివేళ్ళు వంకర్లు పోయేది ఎంతమందికో లింఫోమా పక్కన పెట్టి చూడండి, తూకం తెలుస్తుంది.

కొత్తపేట_కాంపౌండరు · ఆదివారం ఉదయం 7:05

జబ్బు అంటే అన్ని కీళ్ళనొప్పులకీ ఇదే లెక్కా? నడుము బిగుసుకునే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ వాళ్ళూ ఇదే అడుగుతున్నారు.

ఉదయపు_బిగుతు · ఆదివారం ఉదయం 7:30

కాదు. ఆంకైలోజింగ్‌లో లింఫోమా పెరిగినట్టు కనబడలేదు. మోకాళ్ళ అరుగుదలకి దీనితో సంబంధమే లేదు. ఈ మాట కౌంటర్ దగ్గర తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే జనం మూడింటినీ వాతం అనే అంటారు.

ముప్పు పైమెట్టు మీదున్న రెండు రకాలవాళ్ళు ఎవరంటే, రుమటాయిడ్‌కి షోగ్రెన్ తోడైనవాళ్ళు, ఫెల్టీ ఉన్నవాళ్ళు. షోగ్రెన్ అంటే కళ్ళు మంట, నోరు ఎండి అన్నం ముద్ద మింగాలంటే మంచినీళ్ళు కావాలి. వీళ్ళలో చెవి కింద లాలాజల గ్రంథి, పెరోటిడ్, వాచి తగ్గిపోతూ ఉంటే ఫరవాలేదు. వాచి అలాగే నెలల తరబడి నిలబడిపోతే, అందులోనూ ఒకవైపే గట్టిగా ఉంటే మాల్ట్ లింఫోమా (ఇలాంటి గ్రంథుల్లో నెమ్మదిగా పెరిగే రకం) అనుమానించాలి. కాళ్ళమీద ఎర్రటి చుక్కలు, రక్తంలో సీ4 అనే ప్రొటీన్ తగ్గడం, లింఫోసైట్లు తగ్గడం తోడైతే అనుమానం ఇంకా గట్టిది. ఫెల్టీలో ప్లీహం పెరిగి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పడిపోతాయి. సీబీపీలో, అంటే రక్తకణాల లెక్కలో, న్యూట్రోఫిల్స్ తక్కువ, లింఫోసైట్ల శాతం ఎక్కువ వస్తుంటే మెథోట్రెక్సేట్ వల్లే అని ఊరుకోకుండా పొట్ట తడిమి చూడాలి, స్లైడు మీద పూసి చూసే రక్తంలో (స్మియర్) పెద్ద గ్రాన్యులర్ లింఫోసైట్లు ఉన్నాయా అని అడగాలి.

ఇక మందులు. ఒకే గాటన కట్టకూడదు.

మెథోట్రెక్సేట్: మొత్తమ్మీద ముప్పు పెంచదు. కానీ కాగితంలో ఆ మాట ఊరికే రాయలేదు. కొద్దిమందిలో ఈ మందు మీద ఉండగా లింఫ్ గ్రంథులు గానీ, చర్మం, ఊపిరితిత్తి లాంటి చోట గడ్డ గానీ లేస్తుంది. అందులో చాలావాటిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దొరుకుతుంది. జపాన్ నుంచి ఇలాంటి కేసులు ఎక్కువ రాశారు. దీని వింత ఏమిటంటే మందు ఆపితే రెండు నుంచి నాలుగు వారాల్లో కొన్ని వాటంతటవే కరిగిపోతాయి. అందుకని ముక్క పరీక్షలో లింఫోమా అని వచ్చినా, రోగి నిలకడగా ఉంటే ముందు మెథోట్రెక్సేట్ ఆపి కొన్ని వారాలు చూస్తారు, కీమోకి పరుగెత్తరు. ఆపాక సీబీపీలో లింఫోసైట్ల సంఖ్య పైకి లేస్తే మంచి గుర్తు. కరిగినా కూడా ఆ మనిషికి మళ్ళీ మెథోట్రెక్సేట్ ఇవ్వకూడదు, తిరగబెట్టవచ్చు కాబట్టి చూస్తూ ఉండాలి.

టీఎన్‌ఎఫ్ సూదులు (వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునేవి, అడాలిముమాబ్ ఇందులోదే): 2006లో ఒక విశ్లేషణ క్యాన్సర్ ముప్పు ఎక్కువని గగ్గోలు పుట్టించింది. తర్వాత పెద్ద రిజిస్ట్రీలు వచ్చాయి. బ్రిటన్ రిజిస్ట్రీ 2017లో చూస్తే, సూది వేసుకున్న రుమటాయిడ్ రోగులకీ వేసుకోనివాళ్ళకీ లింఫోమాలో తేడా దొరకలేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో పెట్టిన పెట్టె హెచ్చరిక (కాగితంలో గడి కట్టి రాసే అతి గట్టి హెచ్చరిక) పిల్లలూ కౌమారంలో ఉన్నవాళ్ళ గురించి. హెపటోస్ప్లీనిక్ టి-సెల్ లింఫోమా అనే భయంకరమైనది ఎక్కువగా క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బు ఉన్న కుర్రవాళ్ళలో, టీఎన్‌ఎఫ్‌తో పాటు అజాథయోప్రిన్ కూడా వాడినప్పుడు వచ్చింది. కీళ్ళ రోగికి అజాథయోప్రిన్ రాసేటప్పుడు అందుకే ఇంకో ఆలోచన చెయ్యాలి. ఆ మందుకి విడిగా కూడా లింఫోమా పేరుంది.

టోఫాసిటినిబ్: దీన్ని కాస్త గట్టిగానే చెబుతాను. 2022లో అచ్చైన ఓరల్ సర్వైలెన్స్ ట్రయల్‌లో 50 ఏళ్ళు దాటి, గుండెజబ్బు ముప్పు కనీసం ఒకటి ఉన్న 4,362 మందిని తీసుకున్నారు. మెలనోమా కాని చర్మ క్యాన్సర్లు తీసేస్తే, క్యాన్సర్లు టోఫాసిటినిబ్ వైపు 4.2 శాతం, టీఎన్‌ఎఫ్ వైపు 2.9 శాతం. నాలుగేళ్ళలో వెయ్యికి 13 మంది తేడా. ఎక్కువగా ఊపిరితిత్తుల క్యాన్సర్, లింఫోమా కూడా ఉంది. ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో హెచ్చరిక పెట్టింది. ఇక్కడ ఈ బిళ్ళ జనరిక్‌లో చవగ్గా వచ్చేసరికి, సూదికి డబ్బుల్లేవు బిళ్ళ రాయండి అన్న ధోరణి పెరిగింది. అరవై దాటి, చుట్టో సిగరెట్టో కాల్చే మనిషికి అది మొదటి ఎంపిక కాకూడదు.

గవర్నర్‌పేట_మందులషాపు · ఆదివారం ఉదయం 8:20

మరి స్టిరాయిడ్, సార్? వైసోలోన్ (ప్రెడ్నిసోలోన్) ఏళ్ళకేళ్ళు వాడేవాళ్ళున్నారు.

ఉదయపు_బిగుతు · ఆదివారం ఉదయం 8:41

మీరు నమ్మరు. అదే స్వీడన్ సమాచారంలో నోటి స్టిరాయిడ్ రెండేళ్ళకు పైన వాడినవాళ్ళలో లింఫోమా తక్కువ కనబడింది. వాపు అణిగి ఉండటమే కారణం కావచ్చు, స్టిరాయిడ్ లింఫోసైట్లని చంపడం కూడా కావచ్చు. అందుకని వైసోలోన్ వాడమని కాదు. ఎముకలు గుల్లబారడం, షుగరు, కంట్లో శుక్లం ఉండనే ఉన్నాయి. వాపు ఏ మందుతో అణిచినా ముప్పు తగ్గుతుందన్న మాటకి ఇది ఇంకో ఆధారం, అంతవరకే.

బ్రాడీపేట_లెక్కలు · ఆదివారం ఉదయం 8:50

షాపువారూ, మెథోట్రెక్సేట్‌తో మీ కౌంటర్ దగ్గర జరగగల అసలు ప్రమాదం వేరే ఉంది కదా. లింఫోమా లక్షల్లో మాట. వారానికి ఒకసారి వెయ్యాల్సినది రోజూ వేసుకోవడం అంత అరుదు కాదు.

గవర్నర్‌పేట_మందులషాపు · ఆదివారం ఉదయం 9:02

నిజమండి. స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో వారం పేరు పూర్తిగా రాసి ఇవ్వాలి, "ఆదివారం మాత్రమే" అని. ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్ మీద ఇంకో రోజు. రెండూ పసుప్పచ్చగా చిన్నగా ఉంటే వృద్ధులకి తేడా తెలియదు, విడి కవర్లలో పెట్టాలి. రోజూ వేసుకున్నవాళ్ళకి ముందు నోరు పూస్తుంది, తర్వాత తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడతాయి. నోటిపూత అని బి-కాంప్లెక్స్ అడగడానికి వచ్చిన మనిషిని కీళ్ళ బిళ్ళ ఎలా వేసుకుంటున్నారని ఆ కౌంటర్‌లోనే అడగాలి. మూత్రంలో మంటకి కోట్రైమాక్సజోల్ రాసిన చీటీ వస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నారా అని అడక్కుండా ఇవ్వకూడదు, రెండూ కలిస్తే మూలుగ దెబ్బతింటుంది.

హెచ్‌అండ్‌ఈ_గుంటూరు · ఆదివారం మధ్యాహ్నం 1:10

బిళ్ళ కడితే ఏం చెయ్యాలన్నది అలాగే వదిలేశారు. అది నా వైపు, ల్యాబులో ముక్కలు చూసే పాథాలజీ, పని.

ముందొక సంగతి. రుమటాయిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు చంకలో, మోచేతి లోపలివైపు, గజ్జల్లో బిళ్ళలు కట్టడం మామూలే. వాచిన కీలు నుంచి వచ్చే లింఫ్ అక్కడికే చేరుతుంది. మెత్తగా, వేలికింద జారుతూ, ఒక సెంటీమీటరు లోపు ఉండి, కీళ్ళవాపు తగ్గితే తగ్గేవాటిని చూసి గాభరా పడక్కర్లేదు. అనుమానించాల్సినవి ఇవి: నొప్పి లేకుండా రెండు సెంటీమీటర్లు దాటినది, రబ్బరు ముక్కలా గట్టిగా తగిలేది, నాలుగైదు వారాలైనా తగ్గనిది, కీళ్ళు చల్లబడ్డా పెరుగుతూ ఉన్నది. మెడ ఎముకకి పైన గుంటలో కడితే సైజుతో పని లేదు.

రెండో సంగతి, సూది పరీక్ష. ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సన్న సూదితో కణాలు లాగి చూడటం, చవక, అరగంటలో అయిపోతుంది, అందుకని ముందు అదే రాస్తారు. టీబీకి, వేరేచోటి నుంచి వచ్చిన క్యాన్సర్‌కి అది పనికొస్తుంది. లింఫోమాకి చాలదు. లింఫోమా పట్టుకోవాలంటే గ్రంథి కట్టుబాటు చూడాలి, ఫాలికిల్స్ ఎలా ఉన్నాయి, కణాలు పొరదాటి బయటికి పోయాయా అని. సూదిలో వచ్చేవి విడి కణాలు. ఇల్లు కూల్చి ఇటుకలు బస్తాలో పోసి తెస్తే ఎన్ని గదులో ఎవరు చెప్పగలరు? రుమటాయిడ్ గ్రంథిలో కణాలు అసలే కలగాపులగంగా ఉంటాయి కాబట్టి "రియాక్టివ్" అని రిపోర్టు రావడం ఇంకా తేలిక. బిళ్ళ పెరుగుతూ ఉంటే రియాక్టివ్ అన్న సూది రిపోర్టుని నమ్మి కూర్చోకూడదు. గ్రంథి మొత్తంగా తీయించాలి. గజ్జల్లోదీ మెడదీ రెండూ ఉంటే మెడది తీయాలి, గజ్జల్లోవాటికి పాత పుండ్ల మచ్చలుంటాయి.

మూడోది మన దగ్గరే ఎక్కువ. బిళ్ళ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపించగానే ముక్క తీయకుండా టీబీ మందులు మొదలెట్టడం. టీఎన్‌ఎఫ్ సూది మీద ఉన్న మనిషికి టీబీ నిజంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ ఆలోచన తప్పు కాదు, రుజువు లేకుండా మొదలెట్టడమే తప్పు. మూడు నెలలు చూద్దాం అనేసరికి డీఎల్‌బీసీఎల్ మొదటి దశ నుంచి పై దశలకి పోవచ్చు. ఒక్క గ్రంథి తీస్తే రెండు ప్రశ్నలకీ జవాబు అందులోనే దొరుకుతుంది.

కొత్తపేట_కాంపౌండరు · ఆదివారం మధ్యాహ్నం 1:35

ముక్క తీసేలోపు నొప్పికీ జ్వరానికీ స్టిరాయిడ్ సూది వేస్తే?

హెచ్‌అండ్‌ఈ_గుంటూరు · ఆదివారం మధ్యాహ్నం 1:48

అదే చెయ్యకూడనిది. లింఫోమా కణాలు స్టిరాయిడ్‌కి కరుగుతాయి. బిళ్ళ వారంలో సగమైపోతుంది, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు, తీసిన ముక్కలో చచ్చిన కణాలు తప్ప ఏమీ మిగలవు. రిపోర్టులో "చెప్పలేం" అని వస్తుంది. నెల తిరిగేసరికి మళ్ళీ లేస్తుంది, ఈసారి పెద్దదై. వాతానికి ఇచ్చే పొట్లాలు, పేరులేని డబ్బా బిళ్ళలు వాడుతున్నారేమో కూడా అడగాలి, అందులో స్టిరాయిడ్ కలిపి ఉండటం కొత్త కాదు. వైసోలోన్ ఎప్పట్నించో వాడుతున్నవాళ్ళు మాత్రం ఠక్కున ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. మోతాదు పెంచకుండా, అదే మోతాదు మీద ఉంచి, ఎంత వాడుతున్నారో ఫారం మీద రాసి పంపితే చాలు.

కృష్ణలంక_నర్సింగ్ · ఆదివారం మధ్యాహ్నం 2:20

చెమటల గురించి కూడా రాయండి మేడమ్. బెజవాడలో మే నెలలో రాత్రి చెమట పట్టనివాళ్ళు ఎవరు!

హెచ్‌అండ్‌ఈ_గుంటూరు · ఆదివారం మధ్యాహ్నం 2:31

మంచి ప్రశ్న. కరెంటు పోతే పట్టే చెమట వేరు. లింఫోమా చెమటంటే ఫ్యాను తిరుగుతున్నా, డిసెంబరు చలిలోనైనా, జాకెట్టూ దుప్పటీ పిండితే నీళ్ళు కారేంతగా, లేచి బట్టలు మార్చుకోవాల్సినంతగా. దానితోపాటు 38 డిగ్రీలు దాటే జ్వరం, ఆరు నెలల్లో బరువు పదోవంతు తగ్గడం. 60 కిలోల మనిషి 54కి రావడం. ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) 90 వచ్చిందని భయపడి రావద్దు. రుమటాయిడ్‌లో ఈఎస్‌ఆర్ ఎటూ ఎక్కువే, లింఫోమాకి అది ఏ కబురూ చెప్పదు. అయితే కీళ్ళు నెమ్మదిగా ఉండగా ఈఎస్‌ఆర్ ఒక్కటే పైకి పోతుంటే, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ కూడా పెరిగి ఉంటే, ఎక్కడో ఏదో ఉందని వెతకాలి.

కృష్ణలంక_నర్సింగ్ · ఆదివారం మధ్యాహ్నం 3:05

తీసిన ముక్కని పంపడంలోనే సగం కేసులు పాడవుతున్నాయి. థియేటర్‌లో ఏం చెయ్యాలో వరసగా చెప్పండి, గోడకి అంటిస్తాం.

హెచ్‌అండ్‌ఈ_గుంటూరు · ఆదివారం సాయంత్రం 5:40

గ్రంథి బయటికి రాగానే ఫార్మలిన్‌లో పడెయ్యకండి. ముందు కత్తితో మధ్యగా కొయ్యాలి. అందులో చిన్న ముక్క స్టెరైల్ సెలైన్‌లో, టీబీ సీబీనాట్‌కీ (క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) కల్చర్‌కీ. ఫార్మలిన్ తగిలితే క్రిములు చచ్చిపోయి కల్చర్‌కి పనికిరాదు. ఫ్లో సైటోమెట్రీ (కణాల రకం తేల్చే పరీక్ష) అడిగితే ఇంకో ముక్క సెలైన్‌లో, చల్లగా, అదే రోజు ల్యాబుకి చేరాలి. కోసిన తలాన్ని గాజు స్లైడుకి మెల్లగా అద్ది నాలుగు ముద్రలు తీసి పెడితే మాకు బంగారం. మిగతాది మూడు నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళలుగా కోసి 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో. ముక్క ఎంత ఉందో దానికి పదింతల ద్రవం ఉండాలి. కోయకుండా మూడు సెంటీమీటర్ల గ్రంథిని అలాగే వేస్తే అంచులు గట్టిపడి నడుమ కుళ్ళిపోతుంది, ఆ నడుమే మాకు కావాల్సింది.

సీసా నోరు వెడల్పుగా ఉండాలి. నీళ్ళ బాటిల్లో వేసి పంపుతారు. పోయేటప్పుడు మెత్తగా నొక్కితే పోతుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక ఆ మూతిలోంచి బయటికి రాదు. బాటిల్ కోసి తీయాల్సి వస్తుంది. గాజుగుడ్డలో చుట్టి పొడిగా పంపడం ఇంకా ఘోరం, తెనాలి నుంచి బస్సులో వచ్చేసరికే ఎండిపోతుంది.

ఫారం మీద "మెడ గ్రంథి" అని ఒక్క ముక్క రాసి పంపితే లాభం లేదు. రుమటాయిడ్ అని, ఎన్నేళ్ళని, మెథోట్రెక్సేట్ ఎంత, సూదులేవి, స్టిరాయిడ్ ఎంత అని రాయాలి. మెథోట్రెక్సేట్ అని కనబడితేనే ఈబర్ పరీక్ష పెడతాం, అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం. ఆ మాట లేకపోతే మామూలు డీఎల్‌బీసీఎల్ అని రాసేస్తాం, మందు ఆపి చూసే అవకాశం పోయి నేరుగా కీమోకి వెళ్ళిపోతారు. రిపోర్టులో కణాల రకం చెప్పే గుర్తులు సీడీ20, సీడీ3, సీడీ10, బీసీఎల్6, మమ్1, కేఐ-67 ఉన్నాయా చూసుకోండి. హాడ్జ్‌కిన్ అనుమానమైతే సీడీ15, సీడీ30.

ఉదయపు_బిగుతు · ఆదివారం రాత్రి 8:15

మేడమ్ చెప్పిన ఫారం సంగతికి దండం. లింఫోమా ఎక్కడెక్కడికి పాకిందో చూసే పెట్-సీటీ స్కాను గురించి ఒక్క మాట కలుపుతాను. వాచిన కీళ్ళూ, వాటి పక్క గ్రంథులూ కూడా స్కానులో వెలుగుతాయి. రుమటాయిడ్ ఉందని రాయకపోతే చంకలో వెలిగినదాన్నల్లా లింఫోమా కింద లెక్కేసి దశ పెంచేస్తారు.

గవర్నర్‌పేట_మందులషాపు · ఆదివారం రాత్రి 8:40

లింఫోమా అని తేలితే కీళ్ళ మందులేం చేస్తారు సార్? ఖర్చు సంగతి?

ఉదయపు_బిగుతు · ఆదివారం రాత్రి 9:12

మెథోట్రెక్సేట్, టీఎన్‌ఎఫ్, టోఫాసిటినిబ్ ఆపేస్తారు. డీఎల్‌బీసీఎల్‌కి ఆర్-చాప్ అనే కీమో మందుల జట్టు, 21 రోజులకొకటి చొప్పున సాధారణంగా ఆరు. అందులో ఆర్ అంటే రిటుక్సిమాబ్, అది రుమటాయిడ్‌కి కూడా మందే. చాప్‌లో ప్రెడ్నిసోలోన్ ఎలాగూ ఉంది. అందుకే కీమో నడిచినన్నాళ్ళూ కీళ్ళు చాలామందికి హాయిగా ఉంటాయి. అయ్యాక కీళ్ళు తిరగబెడితే మళ్ళీ రిటుక్సిమాబ్ వైపే మొగ్గుతారు, టీఎన్‌ఎఫ్‌కి పోరు. రిటుక్సిమాబ్‌కి ముందు హెపటైటిస్-బి పరీక్షలు, హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ-హెచ్‌బీసీ కూడా చేయించాలి. మొదటిది నెగెటివ్ వచ్చి రెండోది పాజిటివ్ ఉన్నవాళ్ళలో నిద్రపోతున్న హెపటైటిస్-బి లేచి లివర్‌ని తినేయవచ్చు.

ఖర్చంటే, రిటుక్సిమాబ్ బయోసిమిలర్ (అసలు సూదికి దగ్గరి నకలు) మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలవి ఉన్నాయి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వెళ్ళేవాళ్ళు ముక్క పరీక్ష రిపోర్టు లేకుండా ముందస్తు అనుమతి రాదని తెలుసుకోవాలి. రిటుక్సిమాబ్ ప్యాకేజీలో వస్తుందా, చాప్ ఒక్కటేనా అన్నది చేరే రోజే ఆరోగ్యమిత్రని అడగాలి.

హెచ్‌అండ్‌ఈ_గుంటూరు · ఆదివారం రాత్రి 9:30

రెండో అభిప్రాయానికి పోయేవాళ్ళు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోతారు. దానితో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ల్యాబులో అడిగి మైనపు బ్లాకులూ స్లైడులూ తీసుకెళ్ళాలి. సంతకం పెట్టించుకుని ఇస్తారు, ఇవ్వాలి కూడా. ఆ బ్లాకుని ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అద్దం కింద ఆ వేడి వచ్చేస్తుంది. చేతిసంచిలో, గుడ్డలో చుట్టి, నీడన పెట్టుకోండి.

గవర్నర్‌పేట_మందులషాపు · ఆదివారం రాత్రి 9:44

ధన్యవాదాలండీ అందరికీ. రేప్పొద్దున మెథోట్రెక్సేట్ చీటీ తెచ్చే ప్రతివాళ్ళనీ రెండే అడుగుతాం: వారంలో ఏ రోజు వేసుకుంటున్నారు, ఎక్కడైనా నొప్పిలేని బిళ్ళ కట్టి తగ్గకుండా ఉందా.